సర్కారు దించిన బరువు ఎవరి నెత్తిన?

“అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఈ ప్రభుత్వాల వ్యవహారం!”

ఈ మాట ఈ మధ్య ఎక్కడికెళ్ళినా చెవిన పడుతోంది. రైల్వే స్టేషన్లో బెంచీ మీద, టీకొట్టు దగ్గర, పెళ్ళి విందులో విస్తరి ముందు... ఇక టీవీల్లో సరేసరి. ఉచితాల పేరు చెప్పి ఖజానా ఖాళీ చేస్తున్నారని ఒకరంటారు. పేదవాడికి నాలుగు మెతుకులు పెడితే మీకెందుకండీ బాధ అని ఇంకొకరంటారు. అసలు ప్రభుత్వమన్నది శాంతిభద్రతలు, రోడ్లు చూసుకుంటే చాలు, మిగతావన్నీ ప్రైవేటుకి వదిలేస్తే దేశం బాగుపడుతుందని మూడో ఆయన తీర్పు చెప్పేస్తారు. ఇంతలో రైలు వచ్చేస్తుంది. ఎవరి సామాను వాళ్ళు అందుకుంటారు.

ఈ వాదనలో ఒక తమాషా గమనించారా? పింఛను, గ్యాసు బండ, బస్సు టిక్కెట్టు, బడికెళ్ళే పిల్లల డబ్బులు, రేషన్ బియ్యం - వినబడే పేర్లన్నీ ఆడవాళ్ళ చేతికొచ్చేవీ, ఆడవాళ్ళు వెళ్ళి తెచ్చుకునేవీను. వాదించేది మాత్రం మగవాళ్ళు. పక్కనే కూర్చున్న మనల్ని “మీరేమంటారమ్మా?” అని అడిగినవారు నాకింతవరకు తగల్లేదు.

అడగకపోతే పోనీ, మనలో మనం మాట్లాడుకుందాం. ప్రభుత్వం పెద్దదిగా ఉండాలా, చిన్నదిగా ఉండాలా అన్నది పండితులు తేల్చుకుంటారు. మనకి కావలసింది అంతకన్నా చిన్న ప్రశ్న. ప్రభుత్వం ఒక పని “ఇది మావల్ల కాదు” అని కింద పెట్టేసినప్పుడు, ఆ పని అక్కడే పడి ఉంటుందా? ఉండదు కదా! ఎవరో ఒకరు ఎత్తుకోవలసిందే. ఆ ఎత్తుకునేదెవరు?

ఇల్లూ, ప్రభుత్వమూ ఒకటేనా?

“ఇల్లాలు ఉన్నంతలో సర్దుకున్నట్టే ప్రభుత్వం కూడా సర్దుకోవాలి” అని ఆర్థిక మంత్రులు అంటూ ఉంటారు. వినడానికి మనకీ గర్వంగానే ఉంటుంది. కానీ ఇల్లాలు ఎలా సర్దుతుందో వాళ్ళెప్పుడైనా చూశారా? నెలాఖర్లో పాలు తగ్గిస్తే ముందు తగ్గేది ఆమె కాఫీ. కూర చాలకపోతే ఆమె పచ్చడితో తినేస్తుంది. పిల్లల ఫీజు కట్టాలంటే ఆమె మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళడం వచ్చే నెలకి వాయిదా పడుతుంది. అంటే ఇంట్లో పొదుపు మొదలయ్యేది ఆమె కంచంలోనే!

ప్రభుత్వం పొదుపు మొదలుపెట్టినప్పుడు కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. మొదట తగ్గేది ఆమె కంచంలోనే. తేడా ఒక్కటే. ఇంట్లో ఆమె తనంతట తాను తగ్గించుకుంటుంది. ఇక్కడ ఆమెను అడక్కుండానే తగ్గిస్తారు.

ఇది నేను కోపంతో అంటున్న మాటనుకోకండి. మన రాష్ట్రం నడిచిన దారే చూడండి.

రెండు రూపాయల బియ్యం నుంచి...

1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యాక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ రోజుల్లోనూ ఈ వాదన ఇలాగే జరిగింది. “ఇలా అయితే కూలీలు పనికి రారు, రాష్ట్రం దివాలా తీస్తుంది” అన్నారు. అప్పుడు నాట్లకి, కలుపులకి వెళ్ళిన ఆడవాళ్ళు ఆ బియ్యం తిని పని మానేశారా? మానలేదు. మానితే ఇవాళ మన జిల్లాలో ఈ పచ్చని చేలు ఉండేవి కావు.

ఆ తరువాత పదేళ్ళకి నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా పాకల మీద తిరగబడ్డారు. 1992లో ఒక పల్లెలో మొదలైన ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండు రూపాయలకు బియ్యం, ఊళ్ళో సారా లేకపోవడం - ఈ రెండూ కలిసి కూలి ఇంటి ఆడవాళ్ళకు ఎంత ఊపిరినిచ్చాయో ఆ తరం వాళ్ళనడిగితే చెబుతారు.

1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక పరిస్థితి మీద శ్వేతపత్రాలు ప్రకటించింది. ఖజానా కష్టంలో ఉందన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. సబ్సిడీలు పెరిగాయి, మద్యం మీద వచ్చే రాబడి పోయింది. సరే, మరి కోత ఎక్కడ పడింది? బియ్యం ధర రెండు రూపాయల నుంచి మూడున్నరకి పెరిగింది. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలు మొదలయ్యాయి. 2000లో కరెంటు ఛార్జీలు పెరిగాయి. ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర కరెంటు ఛార్జీల మీద ఊరేగింపుగా వెళ్ళినవారి మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఒక్కసారి ఆగి చూడండి. బియ్యం, మద్యం, కరెంటు. ఖజానా నిండడానికి ఎంచుకున్న మూడు దారులూ వంటింటి గుమ్మంలోంచే పోయాయి. నిషేధం ఎత్తేసిన రోజు ప్రభుత్వానికి రాబడి పెరిగింది. అదే రోజు ఎన్నో ఇళ్ళలో రాబడి తరిగింది. ప్రభుత్వ లెక్కల పుస్తకంలో మొదటిది రాసుకున్నారు. రెండోది రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

తరువాతి కథ మీకు తెలిసిందే. 5 రూపాయల 25 పైసల దాకా వెళ్ళిన బియ్యాన్ని 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మళ్ళీ రెండు రూపాయలు చేశారు. 2011లో కిరణ్ కుమార్ రెడ్డి రూపాయి చేశారు. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితం.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె ఒకరోజు టీవీలో ఈ చర్చ చూస్తూ నిలబడిపోయింది. “ఏటమ్మా, ఆ బియ్యం గురించేనా ఆళ్ళు అంతలాగ దెబ్బలాడుకుంటన్నారు? నాను పనిసేసి తెచ్చుకున్న డబ్బుల్తో కూర కొంటాను, నూనె కొంటాను, గుంటలకి పుస్తకాలు కొంటాను. ఆ బియ్యమే లేకపోతే డబ్బులన్నీ బియ్యానికే సరి. ఇంక బడేటి, పుస్తకాలేటి?” అంది. ఆర్థికశాస్త్రం పుస్తకంలో పది పేజీల్లో చెప్పే సంగతి చీపురు పట్టుకునే చెప్పేసింది.

మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ

ప్రభుత్వం తప్పుకోవడమంటే ఏమిటో మా ఆమదాలవలసకి ఇంకో రకంగా కూడా తెలుసు. ఇక్కడ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. గానుగ ఆడే రోజుల్లో చెరుకు బళ్ళు బారులు తీరేవి. ఊరంతా బెల్లప్పాకం వాసన. సంస్కరణల కాలంలో, 2000 దశకం మొదటి ఏళ్ళలో అది మూతపడింది. అప్పటినుంచి ప్రతి ఎన్నికల్లోనూ “ఫ్యాక్టరీ తెరిపిస్తాం” అన్న మాట మాత్రం బాగానే నడుస్తోంది. ఫ్యాక్టరీ నడవకపోయినా!

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పుకోవాలి. మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. “అమ్మా, నష్టాల్లో ఉన్నదాన్ని ఎన్నాళ్ళు సాకుతారు? ఆ నష్టం పూడ్చేది చెరుకు పండించని కూలివాడి పన్నుతో కూడా కదా? అదేం న్యాయం?” అంటారు. ఆయన మాటలో బలం ఉంది. ప్రభుత్వం నడిపేదల్లా ప్రజల కోసమే నడుస్తుందని నమ్మడానికి మనం చిన్నపిల్లలం కాదు. ఉద్యోగాలు వేయించుకోవడానికీ, పదవులు పంచుకోవడానికీ నడిచిన సంస్థలు రాష్ట్రంలో బోలెడు.

కానీ మాస్టారి లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. ఫ్యాక్టరీకి తాళం పడితే నష్టం ఆగిపోదు. చోటు మారుతుంది. చెరుకు వేసిన రైతు సంకిలిలోని ప్రైవేటు ఫ్యాక్టరీ దాకా తోలుకోవాలి, లేదంటే పంట మార్చుకోవాలి. జీతం పోయిన ఇంటాయన ఊళ్ళోనే ఇంకో పని వెతుక్కోవాలి, లేదంటే విశాఖపట్నమో, హైదరాబాదో, చెన్నయ్యో పోవాలి. వలసలకి మన జిల్లా పెట్టింది పేరు. మగవాళ్ళు వలస పోయిన ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు, పశువులు, పొలం, అప్పులవాడి గుమ్మం - ఇవన్నీ ఎవరి మీద పడతాయో వేరే చెప్పాలా? చెరుకు తోటలో కలుపు తీసి, ఆకు చుట్టి కూలి తెచ్చుకున్న ఆడవాళ్ళ పేర్లు ఆ ఫ్యాక్టరీ హాజరుపట్టీలో ఏనాడూ లేవు. అందుకని పోయిన ఉద్యోగాల లెక్కలోనూ వాళ్ళు రాలేదు.

“ఆడమనిషి ఎవరైనా తోడున్నారా?”

మొన్నామధ్య మా అత్తగారు కాలు జారి పడితే ఒక ప్రభుత్వాసుపత్రిలో తొమ్మిది రోజులున్నాం. డాక్టరుగారు మంచివారు. మందులకి పైసా తీసుకోలేదు. కానీ రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్కరే నర్సు. పాపం ఆ పిల్ల కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగేది. మమ్మల్ని చేర్చుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న - “ఆడమనిషి ఎవరైనా తోడున్నారా?”

ప్రతి మంచం పక్కనా ఒక ఆడమనిషి. కూతురో, కోడలో, చెల్లెలో. పక్క మార్చేది ఆమె, సెలైన్ అయిపోతోందని పరిగెత్తేది ఆమె, గిన్నె పట్టేది ఆమె. ఒక మంచం దగ్గర ఇంటర్ చదివే పిల్ల కాలేజీ మానేసి వాళ్ళమ్మ దగ్గర కూర్చుంది. ఆ ఆస్పత్రిలో ఖాళీగా ఉన్న పోస్టుల పని అంతా జరిగిపోతూనే ఉంది! జీతం లేకుండా, సెలవు లేకుండా. ఖజానాకి జీతాలు మిగిలాయి. ఆ పిల్లకి చదువు మిగల్లేదు.

కేంద్ర గణాంక శాఖ జనం రోజు ఎలా గడుస్తుందో ఒక సర్వే చేస్తుంది. 2019 సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క తీస్తే 289, 88. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు మిగిలాయన్నమాట. మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి, చూశారా! ముసలివాళ్ళకీ, పిల్లలకీ చేసే సేవ ఈ లెక్కలో లేదు, అది వేరే. ఊళ్ళో కుళాయి రాకపోతే, అంగన్వాడీ తెరవకపోతే, ఆస్పత్రిలో నర్సు లేకపోతే ఈ నిమిషాలు ఏ వైపు పెరుగుతాయో ఎవరైనా చెప్పగలరు.

పేరు ఒకరిది, పని ఒకరిది

మా ఊరి రైల్వే స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. ఊరు ఆమదాలవలస, పేరు శ్రీకాకుళానిది! కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడుతుంటారు. ప్రభుత్వంలో కూడా ఇలాంటి స్టేషన్లు చాలా ఉన్నాయి. పథకం పేరు నాయకుడిది, పని మాత్రం ఆడవాళ్ళది.

అంగన్వాడీలు చూడండి. 1975 అక్టోబరు 2న మొదలైన కార్యక్రమం. గర్భిణికి గుడ్డూ పాలూ పెట్టాలి, పిల్లల బరువు తూచాలి, ఆటా పాటా నేర్పాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి. ఇంత చేసినా ఆమె ఉద్యోగి కాదట, “గౌరవ వేతనం” తీసుకునే కార్యకర్తట! మన రాష్ట్రంలో 2019లో కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు చేశారు. 2023 డిసెంబరు 12న వాళ్ళు సమ్మెకి దిగితే ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. విచిత్రం చూడండి - జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ! అంతకుముందు 2022లో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పాల్సి వచ్చింది.

బడిలో మధ్యాహ్నం అన్నం వండే ఆడవాళ్ళకి 2019లో పెంచి ఇచ్చినది నెలకి 3,000 రూపాయలు. ఆశా కార్యకర్తకి అదే ఏడాది 10,000. 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. మహిళా సంఘాలు అప్పులిప్పించాయి, వసూలు చేశాయి, ధాన్యం కొన్నాయి, బడిలో వండాయి, మీటింగులకి జనాన్ని కూడా తెచ్చాయి. ఆ సంఘాల వల్ల మనకి బ్యాంకు మెట్లు ఎక్కే ధైర్యం వచ్చింది. అది చిన్న విషయం కాదు. కానీ సంఘం చేసిన పనిలో సగం, ఒకప్పుడు జీతం తీసుకునే ఉద్యోగి చేసిన పనే.

కాబట్టి “ప్రభుత్వం చిన్నదయింది” అని ఎవరైనా అంటే మనం నమ్మకూడదు. ప్రభుత్వం చేసే పని చిన్నదవలేదు. ఆ పని చేసే ఆడవాళ్ళని ప్రభుత్వం లెక్కలోంచి తీసేశారు, అంతే.

చేతికొచ్చేది, ఊరికొచ్చేది, కంటికి కనిపించనిది

ఇప్పుడు ఖర్చు సంగతికి వద్దాం. ప్రభుత్వం పెట్టే ఖర్చుని మన భాషలో మూడు మూటలుగా కడదాం.

మొదటిది చేతికొచ్చేది. పింఛను 2014లో వెయ్యి అయింది, 2019లో రెండు వేలు దాటింది, 2024 జూలైలో నాలుగు వేలయింది. ఒకటో తారీఖున ఆ డబ్బు చేతిలో పడ్డ ముసలమ్మ మొహం చూసినవాళ్ళెవరూ అది దండగ అనలేరు. కొడుకు దగ్గర చెయ్యి చాచక్కర్లేదు. మనవడికి ఆమే పదిరూపాయలిస్తుంది. ఇంట్లో ఆమె మాటకి విలువ వచ్చింది. ఉచిత గ్యాసు పథకాన్ని 2024 నవంబరులో మన జిల్లా ఈదుపురంలోనే మొదలుపెట్టారు. ఏడాదికి మూడు బండలు. తల్లికి వందనం డబ్బు 2025 జూన్ నుంచి చదివే పిల్లలు ఎంతమంది ఉంటే అంతమందికీ ఇస్తున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం.

“ఊరికే తిరుగుతున్నారు” అని బస్సు మీద ఒక విసురు ఉంది కదా. ఆడమనిషి ఇల్లు దాటితే ఊరికే తిరగడమే అని అనుకునేవారికి టిక్కెట్టు ఉన్నా లేకపోయినా అలాగే ఉంటుంది. ఛార్జీ మిగిలితే శ్రీకాకుళం వెళ్ళి కూరగాయలు అమ్ముకొచ్చేవారున్నారు, కంప్యూటర్ నేర్చుకునే పిల్లలున్నారు, పుట్టింటికి వెళ్ళి తల్లిని చూసొచ్చేవారున్నారు. తల్లిని చూడ్డానికి వెళ్ళడం తప్పయితే నేను చెప్పేదేమీ లేదు.

రెండోది ఊరికొచ్చేది. నీళ్ళు, బడి, ఆస్పత్రి, బస్సు. ఉద్దానం సంగతి మీకు తెలుసు. కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బుతో ఏళ్ళ తరబడి మనుషులు రాలిపోయారు. భర్తలు పోయిన ఇళ్ళు వీధుల వెంట ఉన్నాయి. జబ్బున పడ్డవారికి పింఛను ఇచ్చారు. అవసరమే. కానీ ఎంత డబ్బు చేతిలో పెట్టినా ఏ ఒక్క ఇల్లాలూ హిరమండలం జలాశయం నుంచి తన వీధికి గొట్టం వేయించుకోగలదా? అది ప్రభుత్వమే చేయాలి. సుమారు 700 కోట్లతో ఆ మంచినీళ్ళ పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇంత ఆలస్యమెందుకైందన్నది వేరే ప్రశ్న. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది మాత్రం రోగిని మంచం మీద పెట్టుకుని విశాఖపట్నం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళే.

చేతికొచ్చేదీ, ఊరికొచ్చేదీ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. బస్సే రాని ఊళ్ళో టిక్కెట్టు ఉచితమైతే ఏం లాభం? పంతులు లేని బడికి వెళ్ళే పిల్లకి డబ్బులిస్తే ఆ డబ్బు ప్రైవేటు బడి ఫీజుకే పోతుంది. అలాగే ఇంటికి వచ్చే మనిషి లేకపోతే పింఛను ఉన్నా కష్టమే. 2024 ఏప్రిల్లో ఎన్నికల సంఘం ఆదేశంతో వాలంటీర్లు ఆగిపోయినప్పుడు ఎండలో సచివాలయాల దగ్గర పడిగాపులు కాసిన ముసలివాళ్ళని చూశాం కదా. ఆ జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇంటికి వెళ్ళి ఇవ్వడం మొదలయ్యాక గాని వాళ్ళ కాళ్ళకి విశ్రాంతి దొరకలేదు.

మూడోది కంటికి కనిపించనిది. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల ఆదాయపు పన్ను తగ్గించింది. ఇతర రాయితీలు వదులుకున్న కంపెనీలకి 30 శాతం ఉన్న మూల రేటు 22 శాతమయింది. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. పెట్టుబడులు పెరుగుతాయన్నారు. పెరగొచ్చు. కానీ దాన్ని ఎవరూ “ఉచితం” అనలేదు, “ప్రోత్సాహకం” అన్నారు. ముసలమ్మకి ఇచ్చేది ఉచితం, కంపెనీకి వదిలేది ప్రోత్సాహకం! తెలుగు భాష ఎంత గొప్పదో చూడండి.

పంపుసెట్లకి ఉచిత కరెంటు 2004లో వచ్చింది. మంచిదే. కానీ అది బోరు ఉన్న రైతుకి. మన జిల్లాలో ఎక్కువ సాగు కాలువల మీదా, చెరువుల మీదా. పొలమే లేని కూలికి, కౌలు కాగితం లేని ఆడమనిషికి అందులో వాటా ఎంత? ఖర్చు పెద్దదవగానే సరిపోదు, అది ఎవరి గుమ్మం ముందు ఆగుతోందో చూసుకోవాలి.

“పన్ను కట్టేది మేము” అంటారా?

“పన్నులు కట్టేది మేము, తినేది వాళ్ళు” అన్న మాట చదువుకున్నవారి నోట వింటుంటాం. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు కొద్దిమందే, నిజం. కానీ మా పనామె సబ్బు కొన్నప్పుడు? 2017 జూలై నుంచి 2025 సెప్టెంబరు 22 దాకా సబ్బు మీదా, టూత్‌పేస్టు మీదా 18 శాతం జి.ఎస్.టి. ఉండేది. ఇప్పుడు 5 శాతం. కోటీశ్వరుడికీ, ఆమెకీ ఒకటే రేటు. శానిటరీ నాప్‌కిన్ల మీద కూడా ఏడాదిపాటు 12 శాతం వేశారు. దేశమంతా ఆడపిల్లలు గోల పెడితే 2018 జూలైలో తీసేశారు. ఇంక మద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019లో ప్రభుత్వమే కొట్లు నడిపింది, 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటువాళ్ళు నడుపుతున్నారు. కొట్టు ఎవరిదైనా రాబడి ఖజానాకే, ఖాళీ అయ్యేది ఇల్లే. భర్త జేబులోంచి సాయంత్రం పోయిన డబ్బులో కొంత, నెల తిరిగాక భార్య ఖాతాలో పథకం పేరుతో పడుతోంది. మధ్యలో ఆమె తిన్న దెబ్బలకి పథకమేదీ లేదు.

అత్త సొమ్ము అల్లుడి దానం అన్నారు కదా. ఆ అత్త ఎవరనుకున్నారు? ఈ సబ్బు కొన్న ఆవిడే!

అప్పు మాట మరిచిపోకూడదు

అలాగని ఇచ్చిందల్లా తీసుకుని కళ్ళు మూసుకోమని నా ఉద్దేశం కాదు. అప్పు చేసి పప్పుకూడు తింటే ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? చీటీ పాటలు, వడ్డీలు, తాకట్టులు మన చేతుల మీదుగా నడిచేవే. ఇవాళ ప్రభుత్వం తెచ్చిన అప్పుకి వడ్డీ రేపు మన పిల్లల బడిలోంచీ, రోడ్డులోంచీ కోసి కడతారు. ఓట్ల ముందు ఒకడు పదంటే ఇంకొకడు పదిహేను అనే వేలంపాటలో మనల్ని సరుకుగా నిలబెడుతున్నారు. ఆ పాటలో ఎక్కడా కొత్త నర్సు పోస్టు, కొత్త టీచరు పోస్టు, ఊరికి రెండో బస్సు వినబడవు. ఎందుకంటే నర్సు మీద నాయకుడి బొమ్మ వేయడం కుదరదు.

2022 జూలైలో ప్రధానమంత్రి ఉచితాలని మిఠాయి పంపకంతో పోలిస్తే దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. మనం ఆ రెండు జట్లలోనూ చేరనక్కర్లేదు. ఎవరు ఏ పథకం ప్రకటించినా, ఎవరు ఏ కోత ప్రకటించినా, నాలుగు ప్రశ్నలు కొంగున ముడి వేసుకుందాం.

ఈ డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తోంది?

ఇది నిజంగా ఎవరి గుమ్మం చేరుతోంది?

దీనికోసం ఊరికి రావలసిన ఏ పని ఆపారు?

ఆ ఆగిన పని ఇప్పుడు ఎవరు, జీతం లేకుండా చేస్తున్నారు?

నాలుగో ప్రశ్న మన తరఫున ఎవరూ అడగరు. కేంద్ర బడ్జెట్లో 2005-06 నుంచి ఆడవాళ్ళ కోసం ఎంత ఖర్చు పెడుతున్నారో చెప్పే పట్టిక ఒకటి ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆడవాళ్ళు ప్రభుత్వం కోసం ఎంత పని ఊరికే చేస్తున్నారో చెప్పే పట్టిక ఇంకా రాలేదు. స్థానిక సంస్థల్లో సగం కుర్చీలు మనవే. ఆ కుర్చీలో కూర్చున్నది ఆవిడా, ఆవిడ వెనక నిలబడ్డ ఆయనా అన్నది వేరే సంగతి. గ్రామసభ పెట్టిన రోజు వంట పొద్దున్నే ముగించి వెళ్దాం. పథకం డబ్బు పడిందా అన్నది అక్కడ ఎలాగూ అడుగుతాం. దాంతోపాటు ఆస్పత్రిలో రాత్రి నర్సు ఎంతమంది, బడిలో లెక్కల టీచరు ఎందుకు లేరు, అంగన్వాడీ ఆమెకి జీతం ఏ తారీఖున వచ్చింది అని కూడా అడుగుదాం.

చిన్న ప్రభుత్వం కావాలనేవారితో నాకు పేచీ లేదు. పెద్ద ప్రభుత్వం కావాలనేవారితోనూ లేదు. బరువు దించుతామంటే దించండి, ఎత్తుతామంటే ఎత్తండి. దించే ముందు మాత్రం ఒక్కసారి కిందికి చూడండి. అక్కడ ఇప్పటికే బిందె మోస్తున్న ఆడమనిషి ఒకామె నిలబడి ఉంది.